ఊ కొట్టని రాకుమారుడు

అనగనగా ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. ఊ కొట్టండర్రా, మీరు ఊ కొట్టకపోతే నాకు నోరు పెగలదు! పెద్దవాడు విజయసేనుడు, రెండోవాడు ధీరసేనుడు. ఎవరేం చెప్పినా బుద్ధిగా ఊ కొట్టేవాళ్లు. మూడోవాడు హేమసేనుడు ఉన్నాడే, వాడు మాత్రం ఊ అంటే ఒట్టు. "అదెట్లా? ఇదెందుకు?" అంటూ కథ చెప్పే దాదిని పీక్కుతినేవాడు. రాజుగారు విసిగిపోయి, "నోరుమూసుకుని ఊ కొట్టరా!" అని కసిరేవాడు.

ఏడు సముద్రాల అవతల ఘోరాక్షుడనే మంత్రగాడు ఉండేవాడు. "నాతో కథలాట ఆడి గెలిచినవాడికి నా కోట ఇచ్చేస్తా" అని చాటింపు వేయించాడు. పెద్దవాడు వెళ్లాడు, తిరిగి రాలేదు. రెండోవాడు వెళ్లాడు, వాడూ రాలేదు. రాజుగారు ముద్ద ముట్టడం మానేశాడు. తండ్రిని చూసి హేమసేనుడికి ఏడుపొచ్చింది. "అన్నలు లేకుండా ఈ గడప తొక్కను" అని బయల్దేరాడు.

సముద్రం ఒడ్డున పడవంత తాబేలు ఉంది. వీపు చూపించి ఎక్కమంది. మనవాడు ఊరికే ఎక్కుతాడా! "మా అన్నల్నీ నువ్వే దాటించావు కదా? మరి వాళ్లెందుకు తిరిగి రాలేదు?" అన్నాడు.

"హమ్మయ్య! ఇన్నేళ్లకు ఆ మాట అడిగినవాడివి నువ్వొక్కడివే నాయనా," అంది తాబేలు. "మంత్రగాడు కథ చెబుతాడు. ఊ అన్నావా, రాయివైపోతావు. ఆ కథ అతకదని మూడుసార్లు వాదించి నెగ్గావా, వాడి మంత్రం నీమీద పనిచేయదు."

తాబేలు ఏడు సముద్రాలూ ఎన్నాళ్లకు దాటిందని నన్నడక్కండి. దాటింది, అంతే.

కోట వాకిలంతా మనుషుల ఆకారంలో రాళ్లే. అందులో అన్నలిద్దరినీ చూసేసరికి హేమసేనుడికి గుండె తరుక్కుపోయింది. ఘోరాక్షుడు గంపంత తలపాగా సవరించుకుని మొదలెట్టాడు. "అనగనగా ఒక మంత్రగాడు. తన ప్రాణం చిలకలో పెట్టి, చిలకను పంజరంలో పెట్టి, మనిషన్నవాడు లేని దీవిలో దాచాడు..."

"అతకదు!" అన్నాడు హేమసేనుడు. "మనిషే లేకపోతే చిలకకు జామపండు పెట్టేదెవరు? అది ఆకలికి చస్తే వాడూ చస్తాడు. మరీ అంత మొద్దా నీ మంత్రగాడు?"

ఘోరాక్షుడి మొహం మాడిపోయింది. "మొద్దేం కాదు! దీవిలో కాదులే, కోటలోనే పెట్టాడు. నౌకర్లు పండ్లు పెడతారు."

"అతకదు! నౌకర్లలో ఒక్కడికి జాలేసి పంజరం తలుపు తీస్తే? అంత ప్రాణభయం ఉన్నవాడు చిలకను పరాయివాళ్ల చేతికిస్తాడా?"

"ఇవ్వడు! ఎవరికీ ఇవ్వడు! తన తలపాగాలోనే పెట్టుకుని తిరుగుతాడు!"

"అస్సలు అతకదు!" హేమసేనుడు పగలబడి నవ్వాడు. "తలపాగాలో చిలక పడుతుందా? ఊపిరాడక చావదూ? చాల్లేవయ్యా, నీకు కథ చెప్పడమే రాదు!"

ఆ మాటతో మంత్రగాడికి ఒళ్లు మండిపోయింది. "నాకా కథ చెప్పడం రాదు? పట్టదా? చూడు, ఎట్లా పట్టిందో!" అంటూ తలపాగా విప్పేశాడు. లోపల పచ్చటి చిలక రెక్కలు దులుపుకుంది. హేమసేనుడు దాన్ని లటుక్కున పట్టేసుకున్నాడు.

మెడ విరిచెయ్ అంటారు మీరు, నాకు తెలుసు. విరిచేస్తే రాళ్లను మనుషుల్ని చేసేదెవర్రా? "ముందు వీళ్లందరినీ లేపు" అన్నాడు మనవాడు. మంత్రగాడు మంత్రజలం చల్లాడు. అన్నలు లేచి తమ్ముణ్ణి కావలించుకుని భోరుమన్నారు. పక్కనే ఒక రాకుమారి లేచింది, పేరు చంపకవల్లి. లేస్తూనే, "నేనూ రెండుసార్లు అతకదన్నాను. మూడోసారి దవడ నొప్పెట్టి ఊ అనేశాను. పాడు ఊ!" అని కాలు నేలకేసి కొట్టింది. హేమసేనుడికి ఆ పిల్ల తెగ నచ్చేసింది.

ఇంక చెప్పేదేముంది, పెళ్లి బాజాలు మోగాయి. రాజుగారు విందులో కడుపునిండా తిని, చిన్నకొడుకు తల నిమిరి, "అడగరా నాయనా, ఇంకెన్నైనా అడుగు" అన్నాడు. గెలిచిన కోటలో హేమసేనుడు, చంపకవల్లి ఏ మంత్రి ఏం చెప్పినా "అదెట్లా?" అని నిలదీస్తూ నిండు నూరేళ్లు చల్లగా ఏలారు. రోజూ చిలకకు జామపండు కోసిపెట్టే పని ఎవరిదనుకున్నారు? ఘోరాక్షుడిదే! అది చస్తే తనూ చస్తాడాయె.

సరే గానీ, ఇంతసేపూ నాకు ఊ కొడుతూనే ఉన్నారే! ఏదీ, ఒక్కసారి కాళ్లు కదిపి చూసుకోండి.