వడ్డించినవాళ్ళ బంతి

భూషయ్య గారిని ఎవరు ఏ ప్రశ్న అడిగినా ఆయన ముందు ఒకటే మాట అనేవారు: "అన్నం తిన్నావా?" తిన్నానంటే "అయితే రేపు అడుగు" అనేవారు. తినలేదంటే "ముందు పోయి తిను" అనేవారు. మరి సమాధానం చెప్పేది ఎప్పుడయ్యా అని కొత్తగా వచ్చిన శిష్యులు గొణుక్కునేవారు. పాతవాళ్ళు నవ్వి ఊరుకునేవారు.

గోదావరి పాయ ఒడ్డున ఉన్న ఆయన ఆశ్రమంలో పాఠం చెప్పే గది చిన్నది, వంటశాల పెద్దది. మధ్యాహ్నమయ్యేసరికి ఎవరొచ్చినా భోజనం పెట్టేవారు. అక్కడ వడ్డనకు ఒక పద్ధతి ఉంది. అన్నం వెనకాలే పప్పు నడవాలి. అన్నం పడిన విస్తరి ముందు మనిషి ఎదురుచూస్తూ కూర్చోకూడదు. బంతిలో ఆఖరి విస్తరి గురువుగారిది. అందులో కూడా అన్నీ పడి, ఆయన "కానివ్వండి" అన్నాకే అందరూ చెయ్యి పెట్టాలి. వడ్డించినవాళ్ళు మాత్రం అందరి భోజనాలూ అయ్యాక, వంటశాల వెనక వసారాలో, మిగిలింది ఏదో తామే పెట్టుకుని తినేవారు. ఇది ఎవరూ పెట్టిన నియమం కాదు, అలా జరిగిపోతోందంతే.

ఈ వడ్డన అజమాయిషీ కేదారి చేతికొచ్చింది. అతను ఎరువుల కంపెనీలో పాతికమంది సేల్సు కుర్రాళ్ళను పరుగులు పెట్టించి, ఒకనాడు ఇదంతా దేనికనిపించి, ఉద్యోగం వదిలి వచ్చినవాడు. వైరాగ్యం నిజమైనదే. కాకపోతే అజమాయిషీ కూడా అతనితోపాటే బస్సెక్కి వచ్చేసింది. కంపెనీలో నెలనెలా అమ్మకాల్లో మొదటివాడి ఫొటో గోడకు తగిలించేవారు. ఆశ్రమంలో ఫొటోలు బాగుండవని, రోజూ భోజనాలయ్యాక ఆ పూట అందరికన్నా చురుగ్గా వడ్డించినవారి భుజాన అందరి ముందూ ఒక జరీ కండువా కప్పడం మొదలుపెట్టాడు. మర్నాడు ఆ కండువా తిరిగిచ్చేయాలి. ఉన్నది ఒక్కటే మరి. వడ్డించేవాళ్ళు చాటున అతన్ని మేనేజరు గారనేవారు, తరవాత తరవాత ఎదురుగానే అనేవారు. అతనికి అది గౌరవంగానే వినిపించింది.

కండువా వచ్చాక వడ్డన వేగం పెరిగింది, నిజమే. అన్నం వడ్డించే నూకరత్నం చెయ్యీ కాలూ చురుకైన మనిషి. కండువా చాలా రోజులు ఆవిడ భుజం మీదే ఉండేది. పప్పు వడ్డించే పల్లాలరావు ఊళ్ళో కుట్టుమిషను ఆపి మధ్యాహ్నం సేవకు వచ్చే దర్జీ, యాభై దాటినవాడు. ఇదివరకు ఈ ఇద్దరూ ఇంటి సంగతులేవో చెప్పుకుంటూ ఒకరి వెనక ఒకరు బంతి పొడుగునా నడిచేవారు. ఇప్పుడు అన్నం ముందు పరుగెడుతోంది, పప్పు వెనకబడుతోంది, మాటలు లేవు. పచ్చడి వేసేవాడు కూర వేసేవాడికి దారి ఇవ్వడం మానేశాడు.

కేదారికి ఇది అంతుబట్టలేదు. ఒకరోజు గురువుగారి దగ్గరకు వెళ్ళి అడిగాడు. "గురువుగారూ, మనుషుల చేత మనసు పెట్టి పని చేయించడం ఎలాగండి? మంచిగా చెప్పాను, మెచ్చుకున్నాను, బహుమానం పెట్టాను. రోజురోజుకీ ముఖాలు ముడుచుకుంటున్నారు తప్ప..."

"అన్నం తిన్నావా?"

"తిన్నానండి."

"అయితే రేపు అడుగు."

ఆ రేపు అనే రోజు ఆరాధన ఉత్సవానికి ముందురోజు. మర్నాడు చుట్టుపక్కల ఊళ్ళన్నీ కదిలి వస్తాయి. రోజూ ఉండే మంది ఆ రోజుకు ఒక మూలకు రారు. కేదారి పొద్దున్నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా తిరుగుతున్నాడు. మధ్యాహ్నం బంతిలో నూకరత్నం అన్నం గురువుగారి విస్తరిదాకా వడ్డించేసి వెనక్కి తిరిగింది. పల్లాలరావు పప్పు బకెట్టుతో ఇంకా బంతి మధ్యలోనే ఉన్నాడు. గురువుగారు తెల్లన్నం ముందు చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఆయన చెయ్యి పెట్టలేదు గనక ఎవరూ పెట్టలేదు. అన్నాలు చల్లారిపోతున్నాయి. అందరూ పప్పు వైపే చూస్తున్నారు.

కేదారికి తల కొట్టేసినట్టయింది. "ఏం పల్లాలరావు గారూ, నడుస్తున్నారా, నిద్రపోతున్నారా? ఈ మాత్రానికే ఇలా అయితే రేపు మీతో ఎలా వేగేదండీ?" అని బంతి అంతా వినేలా అన్నాడు.

పల్లాలరావు మిగిలిన విస్తళ్ళన్నిటికీ పప్పు వేశాడు, గురువుగారికీ వేశాడు. ఆయన "కానివ్వండి" అన్నాక వంటశాలలోకి వెళ్ళి, గరిటె కడిగి మేకుకు తగిలించి, వెనక వసారాలో కూర్చున్నాడు. బంతి లేచాక మిగతావాళ్ళూ ఒక్కొక్కరే వెళ్ళి అతని పక్కన చేరారు. ఎవరూ విస్తరి వేసుకోలేదు. నూకరత్నం జరీ కండువా మడతపెట్టి తెచ్చి కేదారి చేతిలో పెట్టింది. "రేపు మేం రామండి మేనేజరు గారూ. కోపం కాదండి, మా వల్ల కాదంతే," అంది.

కేదారి పై ప్రాణాలు పైనే పోయాయి. రేపు అంతమందికి వడ్డించే దిక్కేది? గురువుగారి దగ్గరకు దాదాపు పరుగెత్తాడు. అందరికీ తలో కండువా కొనిపిస్తానన్నాడు. మైకులో క్షమాపణ చెబుతానన్నాడు. పక్క ఊరి నుంచి కుర్రాళ్ళను పిలిపిస్తానన్నాడు. గురువుగారు చెయ్యి తుడుచుకుంటూ అంతా విన్నారు.

"వాళ్ళు తిన్నారా?" అన్నారు.

కేదారి తెల్లబోయాడు. ఇవాళే కాదు, ఇన్నాళ్ళలో ఏనాడూ ఆ సంగతి అతనికి తెలియదు. అతను రోజూ బంతిలోనే అతిథులతో కలిసి తినేసి, కండువా కప్పేసి, తన గదికి వెళ్ళిపోయేవాడు.

గురువుగారు విస్తళ్ళ కట్ట చంకన పెట్టుకుని వసారాలోకి నడిచారు. ఆయన స్వయంగా ఒక్కొక్కరి ముందూ విస్తరి వేస్తూంటే వద్దనడానికి ఎవరికీ నోరు రాలేదు. "నువ్వు పప్పు పట్టు కేదారీ, అన్నం నేను పడతాను," అన్నారు. కేదారి చేతిలోని కండువా భుజాన వేసుకుని, మేకు మీది గరిటె తీసుకున్నాడు. గిన్నెలు చూస్తే కూర లేదు. పప్పు అడుగున ఉన్నదే, అదీ మాడు వాసనతో. దాన్నే బకెట్టులోకి గోకి, అందరికీ సరిపోయేలా వేణ్ణీళ్ళు కలిపి, పొయ్యి మీద మరిగించి తెచ్చాడు.

గురువుగారు ముసలి మనిషి. ఒక్కో విస్తరి దగ్గరా వంగి, "ఇంకొంచెం వెయ్యనా?" అని అడిగి, నెమ్మదిగా లేచి, మళ్ళీ నడుస్తున్నారు. ఆయన్ని దాటి పోవడానికి లేదు. కేదారి వెనకాల బకెట్టు మోస్తూ నిలబడ్డాడు. బకెట్టు కాడ సన్నని ఇనపచువ్వ, సెగకు కాలుతోంది, బరువుకు వేళ్ళు కోసుకుపోతున్నాయి. ఆయన కాస్త తొందరగా నడిస్తే ఏం పోయింది అని విసుగొచ్చింది. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగింది. మధ్యాహ్నం తాను బంతి మధ్యలో అన్నది గుర్తొచ్చి సిగ్గుతో ముఖం వేడెక్కింది.

"మేనేజరు గారూ, అలా పట్టుకుంటే బొబ్బలెక్కుతాయండి," అంది నూకరత్నం. అతని భుజాన వేలాడుతున్న జరీ కండువా లాగి, నాలుగు మడతలు వేసి, బకెట్టు కాడకు చుట్టింది. "ఇప్పుడు పట్టుకోండి."

పల్లాలరావు వరసలో ఆఖరున కూర్చున్నాడు. అందరూ బాసింపట్టు వేసుకుంటే అతను మాత్రం కుడి కాలు చాపుకుని ఉన్నాడు. మోకాలు పొంగి గుండ్రంగా ఉంది. నూకరత్నం విస్తరిలో అన్నం, పప్పు అన్నీ పడ్డాయి, అయినా ఆవిడ చెయ్యి పెట్టలేదు. మిగతావాళ్ళూ పెట్టలేదు. పల్లాలరావు విస్తరిలో పప్పు పడేదాకా అందరూ అటే చూస్తూ కూర్చున్నారు. కండువాకి ముందు ఈ వసారాలో రోజూ ఇలాగే తినేవారు కాబోలుననిపించింది కేదారికి. కళ్ళు చెమర్చాయి.

పప్పు వేసి అతని ముందు గొంతుక్కూర్చున్నాడు. "మోకాలికి ఏమైందండీ? ఎన్నాళ్ళుగా ఇలా ఉంది? నాతో ఒక్క మాట చెప్పకపోయారా?"

"మీరు అడిగితే కదండీ," అన్నాడు పల్లాలరావు, అన్నం కలుపుకుంటూ. "మీరెప్పుడూ రేపు ఎంతమంది వస్తారనే అడుగుతారు."

కేదారి గరిటె బకెట్టులో పెట్టాడు. "నేను అందరి ముందూ అలా అని ఉండకూడదు. తప్పయిపోయింది," అన్నాడు. మైకు లేకుండా, మామూలుగా, ఆ వరసంతటికీ వినబడేలా అన్నాడు.

పల్లాలరావు ఒక ముద్ద తిన్నాడు. పప్పు మాడిందని ముఖం చిట్లించాడు. కాసేపటికి, "బంతి మధ్యలో ఒకళ్ళెవరైనా బకెట్టు అందుకుంటే మిగతా సగం నేను లాగేస్తానండి," అన్నాడు. "ఆయ్, నేను వెనక్కి వచ్చి అందుకుంటాను," అంది నూకరత్నం. "అన్నం అంతలో ఎక్కడికీ పారిపోదు. పొద్దున్న ఎన్నింటికి రమ్మంటారండి?"

గురువుగారు అన్నం గిన్నె దించి గోడకు ఆనుకుని కూర్చున్నారు. ఆయాసం తీర్చుకుని, "కేదారీ, అన్నం తిన్నావా?" అన్నారు.

"లేదండి."

ముందు పోయి తినమంటారని అందరూ అనుకున్నారు. ఆయన మాత్రం, "అయితే ఇప్పుడు అడుగు," అన్నారు.

కేదారి నిన్నటి ప్రశ్న అడగబోయాడు. అంతలో పల్లాలరావు విస్తరిలో పప్పన్నం అయిపోయి, తెల్లన్నం మధ్యలో గుంట చేసుకుని అతను తలెత్తి చూస్తున్నాడు. "ఒక్క నిమిషమండి గురువుగారూ, మజ్జిగ," అంటూ కేదారి కుండ కోసం వంటశాలలోకి పరుగెత్తాడు.

గురువుగారు నూకరత్నం వైపు తిరిగి, "ఇక అడగడులే," అన్నారు.