ఉప్పు తొక్కని ఏడాది

సముద్రపు గట్టు వెనక పాడుబడిన ఉప్పుమడులు, వాటిని ఆనుకుని రెల్లు దుబ్బులు, దుబ్బుల నడుమ ఒక మడుగు. అక్కడి జంతువులన్నిటికీ ఆ మడుగే ఆధారం. ఏటా వానలకు ముందు అన్నీ మడుల్లోకి దిగి, అట్టకట్టిన ఉప్పును పిండి అయ్యేదాకా తొక్కేవి. గాలి ఆ పొడిని పైకి ఎత్తుకుపోయేది. వాన కావాలంటే ఉప్పు తొక్కాలన్నది పెద్దలు పెట్టిన ఆనవాయితీ. ఆ మందకు ముందు నడిచేది చెంగమ్మ అనే గేదె.

ఆ ఏడు మడుగు అడుగంటింది. చెంగమ్మకు పాలు తగ్గిపోయి, పసిదూడ డొక్కలు ఎండిపోయాయి. తొక్కుడు మొదలుపెట్టిన పూటే గిట్టల పగుళ్ళలోకి ఉప్పు దిగి ఆమెకు ప్రాణం పోయినంత పనైంది. జిత్తయ్య అనే నక్క సరిగ్గా అప్పుడే గట్టు మీద చేరి జాలి ఒలకబోశాడు.

"ఎందుకత్తా ఈ యాతన? వానమబ్బు ఏ రంగులో ఉంటుంది?"

"నల్లగా."

"మరి ఉప్పు?"

చెంగమ్మ తెల్లటి మడి వైపు చూసింది.

"రెల్లు దుబ్బుల్లో చేపలవాళ్ళు పారేసిన పాత టైర్లు వేసి అంటిద్దాం. నల్లటి పొగ పైకెళ్ళి మబ్బవుతుంది. నువ్వు ఊఁ అను చాలు."

దుబ్బుల్లో కుందేళ్ళున్నాయి కదా అని ఆమె నసిగింది. వాళ్ళకు తాను చెబుతానన్నాడు నక్క. ఆ మాట నమ్మితే కాళ్ళకు నొప్పి తప్పుతుంది కాబట్టి చెంగమ్మ నమ్మేసింది.

మబ్బుల్లో తిరిగే కొంగ సూరమ్మ ఒక్కతే అడ్డుపడింది. "ఉప్పురవ్వ గాలిలోని తడిని లాక్కుంటుంది వదినా. పొద్దున్నే నీ గిట్టల మీద ఉప్పు చెమర్చడం చూడలేదూ? టైరు మసి జిడ్డు. దానికి నీళ్ళంటవు."

"కాళ్ళు మండేది నాకు. ఎగిరేదానివి, నీకేం తెలుసు?" అంది చెంగమ్మ. మందంతా నవ్వింది.

నక్క చేపలవాళ్ళ పొయ్యిలోంచి కొరివి తెచ్చాడు. పొగ ఆకాశమంతా కమ్మింది. సముద్రం మీంచి మబ్బు కూడా వచ్చి నెత్తిన నిలబడింది. జంతువులన్నీ నోళ్ళు తెరుచుకుని చూశాయి. ఒక్క చినుకూ రాలలేదు.

పైకి వెళ్ళిన సూరమ్మ నల్లబడ్డ రెక్కలతో దిగింది. మసి చాలావరకు పొడిగానే తేలుతోందట. తడి అంటిన రేణువులు కూడా మరీ సన్నం, పైగా లెక్కలేనన్ని. ఉన్న నీటిని అవన్నీ తలా కాస్త పంచుకున్నాయి. నేలకు రాలేంత బరువు ఏ చినుకుకూ రాలేదు. చూస్తుండగానే మబ్బు కొండ దాటిపోయింది.

చెంగమ్మ నక్కను వెతుక్కుంటూ వెళ్ళింది. అతను కుందేలు బొచ్చు మధ్య పొట్ట నిమురుకుంటూ పడుకుని ఉన్నాడు.

"కుందేళ్ళకు చెబుతానన్నావే?"

"చెప్పానత్తా. పరుగెత్తమన్నాను, నా వైపుకి."

"మరి వాన?"

"మబ్బు చేస్తానన్నాను. వచ్చింది. వాన బేరం మనం ఆడలేదు."

కొమ్ములు విసరడానికి ఆమెకు ఓపిక లేదు. తెల్లారేసరికి మడుగులో బురద కూడా బీటలిచ్చింది. దూడ తడి కోసం వెతికి వెతికి తల్లి కాళ్ళ దగ్గర ఆగింది. పగుళ్ళలో మిగిలిన కాస్త ఉప్పు ఎప్పటిలాగే చెమర్చి ఉంది. దూడ దాన్ని ఆబగా నాకింది. నాకేకొద్దీ దాహం పెరుగుతుందని తెలిసి కూడా చెంగమ్మ కాలు వెనక్కి తీసుకోలేకపోయింది.

నీతి: ఎంత ఎత్తుకు లేచిందని కాదు, నీటిని పట్టి దించే గుణం ఉందా అని చూడాలి.