రెండో చిప్ప

రబ్బీ ఎలియాబు గారు అడిగినదానికి వెంటనే జవాబు చెప్పిన పాపాన పోలేదు. ముందు గడ్డం దువ్వుకునేవారు. ఆ దువ్వడం పూర్తయ్యేలోగా రేవులోంచి రెండు ఓడలు వెళ్లిపోయేవి. ఒకనాడు శిష్యుడు నెహెమ్యా అడిగాడు: "గురువుగారూ, జనాన్ని లెక్కించేటప్పుడు కలవాడూ లేనివాడూ ఒకేలా తలకి సగం నాణెమే ఇవ్వాలంది ధర్మశాస్త్రం. ఎక్కువ ఇచ్చేవాడు ఎక్కువవాడు కాడా?"

"మన రేవులో హనన్యా అని ముత్యాల వర్తకుడుండేవాడు" అని మొదలుపెట్టారు గురువుగారు.

హనన్యా చెయ్యి అలాంటిలాంటి చెయ్యి కాదు. ఎవరైనా ఒక్క తుమ్ము తుమ్మితే వీధి వీధికీ కంబళ్లు పంచేవాడు. ఇక మన యూదుల వీధిలో ఒక ఆచారం ఉండేది. మనుషుల తలలు లెక్కపెట్టడం అరిష్టం. చావు ప్రార్థనకేమో పదిమంది మగవాళ్లు ఉండి తీరాలి. అందుకని వచ్చిన ప్రతివాడూ చాప మీద ఒక కొబ్బరిచిప్ప పెడితే, ఆ చిప్పల్ని లెక్కపెట్టేవారు. తర్వాత ఆ కొబ్బరి బీదల ఇళ్లకు పోయేది.

హనన్యా చిన్ననాటి నేస్తం, పడవలు బాగుచేసే మత్తన్యా, ఒక ఉదయం కన్నుమూశాడు. కబురు అందేసరికి హనన్యా ఓడ మీద పెద్ద బేరంలో ఉన్నాడు. మనసు కలుక్కుమంది. కానీ తను వెళ్తే పడేది ఒక్క చిప్ప. పంపితే ఎన్నైనా పంపవచ్చు. వంద కాయలు కొట్టించి, రెండు వందల చిప్పలు బండికెత్తించాడు. ఇరవై చావులకు సరిపడా లెక్క! ఇక నిశ్చింతగా బేరంలో కూర్చున్నాడు.

శ్మశానంలో చిప్పల గుట్ట తాటిచెట్టంత లేచింది. పెద్దాయన జెరహు దాని చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, "ఇవన్నీ ఆమేన్ అంటాయేమిట్రా?" అన్నాడు. అనగల నోళ్లు తొమ్మిదేనని లెక్కపెట్టకుండానే తెలుస్తోంది. పొద్దు సముద్రాన్ని తాకేదాకా పదోవాడి కోసం ఎదురుచూశారు. శవాన్ని రాత్రి దాకా ఉంచకూడదు గనక ఆపైన ఆగడానికి లేదు. కొడుకు చెప్పాల్సిన స్తోత్రం చెప్పకుండానే మత్తన్యా మీద మట్టి వేశారు.

అప్పుడొచ్చాడు హనన్యా, రొప్పుకుంటూ. "ఒబద్యా, చిప్పలు చాలాయా నాయనా?"

మత్తన్యా కొడుకు తల ఎత్తలేదు. "చిప్పలకేం తక్కువ బాబాయ్. పొద్దున్న నేనూ ఒక కాయ కొట్టాను. ఒక చిప్ప నాది. ఏ పనిలో ఉన్నావో, ఒట్టి చేతుల్తో పరిగెత్తుకొస్తావని రెండోది నీకోసం ఉంచాను."

పైబట్టలోంచి ఆ చిప్ప తీసి చాచాడు. ఊరంతటికీ పెట్టిన ఆ చేతులకు పుచ్చుకోవడం చేతకాలేదు.

నెహెమ్యా, "మరి ఆ రెండు వందలూ వృథాయేనా గురువుగారూ?" అన్నాడు.

"వృథా ఎందుకవుతాయి? ఎండబెట్టుకుని నెల్లాళ్లు బీదలు తిన్నారు, ఇంటింటా ఆయన్ని దీవించారు" అన్నారు గురువుగారు. "ఆ దీవెన వినబడ్డప్పుడల్లా మాత్రం ఆయన పక్క వీధిలోకి తప్పుకునేవాడు."