తెల్ల సీట్ల కారు

కొండపాలెం జమీందారు జగ్గభూపతిగారు పైకప్పు మడవడానికి వీలున్న తన ఎర్ర రేసు కారును అమ్మకానికి పెట్టారు. ఎండ తగలనివ్వకుండా, చినుకు పడనివ్వకుండా దాచుకున్న బండి అది. పాతికేళ్లయినా తెల్ల తోలు సీట్లు మల్లెపూవుల్లా ఉన్నాయి.

చూడటానికి వచ్చిన పట్నం షావుకారికి ఒకటే అనుమానం. "పాత బండి కదండీ, దారిలో మొరాయిస్తుందేమో."

"కొన్ననాటి నుంచి ఒక్కసారీ మొరాయించలేదు. కావాలంటే షెడ్డు ఊడ్చే పైడమ్మను అడగండి," అన్నారు జమీందారు ధీమాగా.

పైడమ్మ చీపురు పక్కన పెట్టింది. "బండి బంగారం బాబూ. ఒక్కసారే కదల్లేదు. మా ఆయన్ని పాము కరిస్తే, ఆసుపత్రికి తీసుకెళ్లమని బాబుగారి కాళ్లు పట్టుకున్నాను. బండి పాడైందన్నారు. మంచం మీద మోసుకెళ్లేసరికి ఆలస్యమై, కాలు తీసేశారు. అప్పుడేం పాడైందో బాబుగారికే తెలియాలి."

షావుకారు జమీందారు వైపు తిరిగాడు.

పాడైందంటే బేరం పోతుంది. పాడవలేదంటే పరువు పోతుంది. జమీందారు ఏదో అబద్ధం వెతుక్కుంటూనే ఉన్నారు. కానీ పైడమ్మ ఆయన్ని చూడటం లేదు, సీట్లను చూస్తోంది. ఆయనా అటే చూశారు. ఆ తెలుపు మీద ఆయన చూపు నిలవలేదు.

"బండి ఆ రోజూ బాగానే ఉందండీ," అన్నారు తల వంచుకుని. "సీట్లు మాసిపోతాయని..."

పైడమ్మ చీపురు అందుకుంది.

"విన్నారుగా బాబూ. బండిలో ఏ లోపమూ లేదు. కొనుక్కోండి."