పేరిందేవి రెండు ఒట్లు

రండి నాయనా, రండి తల్లీ, దగ్గరికి జరగండి. ఆ గోడకి ఆనుకున్న పెద్దాయనా, మీరూ ముందుకి రావాలి. నా గొంతు పెద్దదే గానీ ఈ కథ మెల్లగా చెప్పాల్సింది. పిల్లలూ, ఒక్కసారి నరసింహస్వామికి దణ్ణం పెట్టుకోండి. పెట్టారా? ఇక వినండి.

అనగనగా అంటే ఎంత అనగా? మీ తాత తాతకి తాత ఇంకా ఉయ్యాల్లో ఉన్న రోజుల్లో, ఏడుమెట్లపురం అని ఒక ఊరుండేది. కేతభూపాలుడనే రాజు దాన్ని ఏలేవాడు.

రాజుగారి కొలువులో నోరు విప్పాలంటే మామూలు జనానికి కాళ్లు వణికేవి. అందుకని వాళ్ల తరఫున మాట్లాడేవాళ్లు కొందరుండేవారు. వాళ్లని అరువు నోళ్లు అనేవారు. ఇప్పటి వకీళ్లన్నమాట.

అరువు నోరు ఒక తగవు చేపడితే రెండు ఒట్లు పెట్టుకోవాలి. ఒకటి చెవి ఒట్టు. తనని నమ్మినవాడు చెవిలో చెప్పింది ప్రాణం పోయినా బయటపెట్టకూడదు. దానికి గుర్తుగా ముంజేతికి పసుపు దారం. రెండోది నాలుక ఒట్టు. కొలువులో అబద్ధం పలకకూడదు. దానికి గుర్తుగా నాలుక మీద తులసాకు.

ఆ అరువు నోళ్లందరిలోకీ పేరిందేవి పెద్దది. తల ముగ్గుబుట్టయినా మాట మాత్రం కంచు గంట.

ఒక ఏడు నారుమళ్ల వేళ ఆ ఊరికి పెద్ద కష్టం వచ్చింది. ఊరంతా జాతరకి వెళ్లిన మధ్యాహ్నం, ఎవరో చెరువు తూముకున్న చెక్క బిరడా పైకెత్తారు. బిరడా చీలి కొట్టుకుపోయింది. జనం తిరిగొచ్చేసరికి నీళ్లన్నీ వాగులోకి పారిపోయి చెరువు మోకాలి లోతుకి దిగిపోయింది. వానలకి ఇంకా ఇరవై రోజులుంది. పచ్చని నారు తల వాల్చేసింది.

మొదటి అనుమానం ఎల్లన్న మీద. అతను ఊరి నీరటికాడు. ఎవరి మడికి ఎప్పుడు నీళ్లు వదలాలో చూసేవాడు, తూముకి కాపలావాడు. రెండో అనుమానం బయ్యన అనే మోతుబరి మీద. ఆ రోజు ఆయన మడి తప్ప ఇంకెవరి మడీ సరిగా తడవలేదు.

రాజు కోపంగా అన్నాడు: "మూడు రోజులు, మూడు కొలువులు. తప్పు చేసినవాడెవడో తేలాలి. వాణ్ణి ఇల్లాలితో, పిల్లలతో సహా పొలిమేర దాటిస్తాను."

బయ్యన పేరిందేవి ఇంటికి పరుగెత్తాడు. ఆమె ముంజేతికి పసుపు దారం కట్టాడు. చెవి దగ్గరికి వంగి గుసగుసలాడాడు.

"నేనే తీశానమ్మా. మా బావిలో నీళ్లు తోడే మోట తోలు చిరిగింది. నారు ఎండిపోతోంది. ఒక్క గడియ పారించి మూసేద్దామనుకున్నా. బిరడా చేతిలోనే చీలిపోయింది."

"మరి కేకేస్తే జనం వచ్చేవారు కదయ్యా?"

"కేకేస్తే ముందు దొరికేది నేనే కదమ్మా!"

పేరిందేవి నిట్టూర్చింది. దారం కట్టాక ఇక వెనక్కి లేదు.

మొదటి కొలువులో ఆమె లేచి నిలబడింది. "ప్రభూ, తూము కింద మొట్టమొదటి మడి బయ్యనదే. నీళ్లు వదిలిందెవరైనా ముందు తడిసేది అదే. ఆయన బిరడా తీయగా చూసినవారుంటే చెప్పమనండి." ఎవరూ లేవలేదు. ఆమె అన్నదాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు, చూశారా!

ఎల్లన్నకి అరువు నోరు పెట్టుకునే స్తోమత లేదు. "నే... నేను... జా... జాతరలో..." అని ఆగిపోయాడు.

"ఏం ఎల్లన్నా, నీ గొంతుకి కూడా బిరడా వేశావా?" అని ఎవడో అరిచాడు. కొలువంతా ఘొల్లుమంది.

రెండో రోజు దారిలో బయ్యన మెల్లగా అన్నాడు: "ఈరోజు ఎల్లన్నే తీశాడని చెప్పెయ్యండమ్మా. వాడి తరఫున అడిగేవాడెవడూ లేడు."

"నిన్ను కాపాడమంటే కాపాడతాను. వాణ్ణి గోతిలోకి తొయ్యమంటే తొయ్యను."

"అరువు నోరు కదా మీరు! నేను చెప్పింది పలకాలి!"

"నోరు అరువిచ్చాను గానీ మనసు అరువివ్వలేదయ్యా."

బయ్యనకి ఒళ్లు మండింది. కొలువులో తానే లేచి, "ఎల్లన్నే తీశాడు ప్రభూ!" అనేశాడు. రాజు పేరిందేవి వైపు చూశాడు. "నీ మాటేమిటి?"

"రుజువు లేని మాట నేను ఎవరి మీదా అనను ప్రభూ. ఎల్లన్న తీయగా చూసినవారు కూడా లేరు," అందామె.

"కాపలా ఉండాల్సినవాడు లేనప్పుడు తప్పు ఇంకెవరిది? రేపు తీర్పు," అన్నాడు రాజు. ఆ తీర్పేమిటో అందరికీ అర్థమైంది. ఎల్లన్న ఇల్లాలు అక్కడే కూలబడింది.

పేరిందేవి ఇంటికి వచ్చి దేవుడి ముందు కూర్చుంది. విద్య నేర్పిన ముగ్గురు గురువులు గుర్తొచ్చారు.

మొదటి గురువు అనేవాడు: "ఒట్టంటే ఒట్టే. ఏం ఒరుగుతుందో చూసుకుని నిలబెట్టేది ఒట్టు కాదు."

రెండో గురువు అనేవాడు: "ఏం చేస్తే ఎక్కువమంది కన్నీళ్లు ఆగుతాయో అదే ధర్మం."

మూడో గురువు, ఆమె ముసలావిడ, ఇలా అనేది: "ఏ పని చేసినా సరే, చేశాక నువ్వు ఎలాంటి మనిషివై మిగులుతావో చూసుకో తల్లీ."

మొదటి మాట పట్టుకుని ఊరుకుంటే ఎల్లన్న పిల్లలు వీధిన పడతారు. రెండో మాట పట్టుకుని గుట్టు విప్పితే ఎల్లన్న బతుకుతాడు. కానీ రేపటి నుంచి భయపడినవాడెవడూ ఏ అరువు నోటికీ నిజం చెప్పడు. దారం తెంపుకుని తప్పుకుందామా? తెంపితే చాలు, ఊరంతా గ్రహిస్తుంది. అది కూడా గుట్టు విప్పినట్టే.

"స్వామీ, ముగ్గురూ నా గురువులే. ముగ్గురినీ ఒకే బండి ఎక్కించేదెలా?" అంది ఆమె. అని తనలో తానే నవ్వుకుంది. ఎందుకంటే జవాబు దొరికింది. ఆ గుట్టు విప్పే హక్కు తనకి లేదు. ఆ హక్కు ఉన్నవాడు ఒక్కడే, దాన్ని తన చెవిలో చెప్పినవాడు!

మూడో రోజు పొద్దున్నే బయ్యన గుమ్మంలో నిలబడింది. "పద, చెరువు దాకా నడిచొద్దాం."

"కొలువుకి వేళవుతోందమ్మా!"

"నేను లేకుండా నీ తగవు ఎక్కడికీ పోదులే. నడు."

తూము దగ్గర ఎల్లన్న నడుము లోతు బురదలో ఉన్నాడు. తుమ్మచెక్కతో కొత్త బిరడా చెక్కి, కొబ్బరిపీచు చుట్టి బిగిస్తున్నాడు.

"దండాలు బయ్యనయ్యా! మధ్యాహ్నానికి ఊరొదిలి పోవాలంట. ఇది బిగించకపోతే రేపు వానలొచ్చినా నీళ్లు నిలవవు. ఇదిగో, మీ మడికి నీళ్ల వంతు మంగళవారం. కొత్తగా వచ్చే నీరటికాడికి చెప్పుకోండి, అతనికి తెలియదు."

కొలువులో తడబడిన నోరు బురదలో ఒక్కసారి కూడా తడబడలేదు. బయ్యన తల వంచుకున్నాడు. గట్టు మీద కాస్త దూరం నడిచాక పేరిందేవి మెల్లగా చెప్పింది.

"నువ్వు చెప్పకపోతే నీ గుట్టు నాతోనే కాటికి వస్తుంది. అది ఒట్టు. చెబితే నీ పక్కనే నిలబడతాను. నీకోసం అడగాల్సిన దయ అడిగి తీరతాను. పొలిమేర దాటాల్సి వస్తే అక్కడిదాకా నీతో నడుస్తాను. ఎంచుకునేది నువ్వు."

బయ్యన కొలువు దారి పట్టాడు.

మూడో కొలువు నిండింది. రాజు ఎల్లన్న వైపు చెయ్యెత్తాడు. ఆ చెయ్యి దిగకముందే బయ్యన లేచాడు.

"ఆగండి ప్రభూ! బిరడా ఎత్తింది నేను. ఎల్లన్న మీద అబద్ధమాడింది కూడా నేనే."

"దాటించండి! పొలిమేర దాటించండి!" అని జనం అరిచారు.

అప్పుడు పేరిందేవి ముందుకొచ్చింది. "ప్రభూ, ఈయన్ని తరిమితే ఈయన బావి కూడా మూతపడుతుంది. మోట తోలు కుట్టించి తిప్పితే ఊరి నారు వానల దాకా బతుకుతుంది. ఇంకొక్క మాట. ఒప్పుకున్నవాణ్ణి తరిమేస్తే, ఇక ఈ కొలువులో ఎవడు ఒప్పుకుంటాడు?"

రాజు తీర్పు చెప్పాడు: "బయ్యన బావి నీళ్లు వానలొచ్చేదాకా ఊరందరివీ. ఏడాదిపాటు ఇతను ఎల్లన్న కింద తూము పని చెయ్యాలి. ఆ ఏడాదంతా ఇతని మడికి ఆఖరి వంతు."

ఎల్లన్న చేతులు జోడించాడు. "ప్రభూ, అన్నీ చేయిస్తాను. బిరడా మాత్రం ముట్టుకోనివ్వను!"

కొలువంతా నవ్వింది. ఈసారి ఎల్లన్నని చూసి కాదు, ఎల్లన్నతో కలిసి నవ్వింది. అతని ఇల్లాలు నవ్వుతూ కళ్లు తుడుచుకుంది.

తగవు తీరాక దారం విప్పాల్సింది కట్టినవాడే. బయ్యన పేరిందేవి ముంజేతి దారం విప్పాడు. మూడు రోజులుగా బిగబట్టిన ఊపిరి ఆమె అప్పుడు వదిలింది. స్వామి దయవల్ల నారు తల ఎత్తింది. ఇరవయ్యో నాటికి వాన కూడా వచ్చింది.

పిల్లలూ, ఇంటికెళ్లాక రాజు పేరు మరిచిపోయినా ఫరవాలేదు. ఒక్క పని గుర్తుంచుకోండి: తనని నమ్మినవాణ్ణి పేరిందేవి చెరువుగట్టు మీదికి నడిపించింది. మీ స్నేహితుడు తప్పు చేసి మీ చెవిలో చెబితే మీరూ అదే చెయ్యండి, చాటింపు వెయ్యకండి, వాడికోసం అబద్ధమాడకండి, చెయ్యి పట్టుకుని నిజం దాకా నడిపించండి.

నమ్మినవాడి గుట్టు కాపాడుతూనే, వాడి చేత నిజం పలికించి, ఏ పాపం ఎరగనివాణ్ణి కాచేదే అసలైన న్యాయవాదం.