పక్కన పెట్టిన చామంతి

తెలివిని శేరు లెక్కన అమ్మే సంత ఎక్కడైనా ఉంటే, సూక్ష్మంవారు అక్కడికి కొనడానికి వెళ్ళరు, అమ్మడానికి వెళతారు. ఈ మాట ఊరివాళ్ళన్నది కాదు, వాళ్ళే చెప్పుకునేవారు. అసలు ఇంటిపేరు ఇంకేదో ఉండేది. "మాకు సూక్ష్మం తెలుసు" అని అస్తమానూ అంటుంటారని చినగెడ్డవలసలో అందరూ వాళ్ళని సూక్ష్మంవారనే పిలిచేవారు. వాళ్ళు దానికి మురిసిపోయేవారు.

ఇంట్లో నలుగురు. ఇంటిపెద్ద సన్యాసినాయుడు, అతని భార్య పారమ్మ, తమ్ముడు కూర్మయ్య, కూతురు చామంతి. "పెద్దలు చెప్పింది చెప్పినట్టు చెయ్యాలి. ఒక్క అక్షరం పొల్లుపోకూడదు. తెలివంటే అదే" అని నాయుడు రోజూ అన్నాల ముందు చెప్పేవాడు. మిగతా ముగ్గురూ తలలూపేవారు.

చామంతికి చిన్నప్పట్నుంచీ గొడ్లంటే ప్రాణం. ఆ ఊళ్ళో ఆవుకో గేదెకో జబ్బు చేస్తే, పట్నం నుంచి డాక్టరు వచ్చేసరికి అది కాస్తా చచ్చి ఊరుకునేది. "నేను డాక్టర్నైతే అలా కాదు. ఇక్కడే ఉంటాను కాబట్టి ముందే వస్తాను" అనేది చామంతి. ఇంటరు పాసయింది. పట్నంలో పశువైద్యం నేర్పే కాలేజీ ఒకటుంది. చేరితే అందులోనే చేరతానని పట్టుబట్టి దరఖాస్తు పెట్టింది.

ఎవరెవరికి సీట్లొచ్చాయో చెప్పే రోజున తండ్రీ కూతుళ్ళు వెళ్ళారు. గుమాస్తా కళ్ళజోడు పైకి తోసుకుని, "మీ అమ్మాయిని కాదనలేదు, ఔననలేదు. ప్రస్తుతానికి పక్కన పెట్టారు. రెండో విడతలో చూస్తారు" అన్నాడు.

అంతే. చామంతి వెళ్ళి వరండాలో గోడ పక్కన నిలబడింది. నాయుడు గొడుగు వేసుకుని ఎదురుగా కూర్చున్నాడు. మధ్యాహ్నం దాటింది. గుమాస్తా అన్నం తిని వచ్చాడు. ఆ పిల్ల కదల్లేదు. సాయంత్రం ఆఫీసుకి తాళం వేస్తూ, "ఇంకా ఇక్కడే ఉన్నావేంటమ్మా?" అని అడిగాడు.

"నన్ను పక్కన పెట్టారు కదండి. ఇంకా ఎవరూ తియ్యలేదు" అంది చామంతి.

గుమాస్తా తాళంచెవి జేబులో వేసుకున్నాడు. "ఇంటికెళ్ళి, అక్కడ పక్కనుండమ్మా" అన్నాడు. సరేనని ఇంటికొచ్చి, పశువులశాలలో ఒక పక్కన కూర్చుంది. కూర్చున్నాక ఏడుపొచ్చింది. వేరే దేనికో అయితే పారమ్మ ఊరడించేదే గానీ, పక్కన పెట్టిన పిల్లని ముట్టుకోవచ్చో లేదో ఆవిడకి తెలియలేదు. దూరంగా నిలబడి తనూ ఏడ్చింది.

ఇలా కాదని, నాయుడు జగ్గారావు మేష్టారి దగ్గరికి పరుగెత్తాడు. ఆయన హైస్కూల్లో పనిచేసి రిటైరైన మనిషి, మంచివాడు. ఆయన చేసిన తప్పల్లా సూక్ష్మంవారితో సామెతలూ నుడికారాలూ కలిపి మాట్లాడటమే.

"ఇది ఆఖరి మాట కాదు నాయుడూ, కంగారు పడకు" అన్నారాయన. "ఆ ఒక్క కాలేజీనే పట్టుకు వేలాడకండి. నాలుగు తలుపులు తట్టండి. ఈలోగా ఆ ప్రిన్సిపాల్ గారి చెవిన ఒక మాట వెయ్యండి, మా పిల్లకి మీ కాలేజీ అంటేనే ఇష్టమని. పిల్ల కొత్తగా ఏదైనా సాధిస్తే అదీ చూపించండి. అలాగని రోజూ వెళ్ళి ఆవిడ ప్రాణం తియ్యకండి."

నాయుడు ఆ మాటల్ని దారిపొడుగునా వల్లించుకుంటూ ఇంటికొచ్చి పనులు పంచాడు. తలుపులు తట్టడం తమ్ముడి వంతు. చెవిన వెయ్యడం పెళ్ళాం వంతు. ప్రాణం తియ్యకుండా చూసుకోవడం తన వంతు.

మర్నాడు పక్కనున్న చామంతిని వెంటబెట్టుకుని నాయుడూ పారమ్మా పట్నం బస్సెక్కారు. బస్సు కిటకిటలాడుతోంది. కండక్టరు "పైన రాడ్డు పట్టుకోమ్మా" అన్నాడు చామంతితో. "పట్టుకు వేలాడొద్దన్నారండి మేష్టారు" అంది చామంతి. ఇంకేముంది, మొదటి మలుపులో ఒక పెద్దాయన ఒళ్ళో పడింది. రెండో మలుపులో కోళ్ళబుట్ట మీద పడింది. మూడో మలుపు వచ్చేసరికి జనమే ఆమెని నాలుగువైపులా పట్టుకున్నారు.

"చూశావా, మనం పట్టుకోకపోతే లోకం పట్టుకుంటుంది" అన్నాడు నాయుడు.

ప్రిన్సిపాల్ గారు ఏవో కాగితాలు చూసుకుంటున్నారు. పొట్టిగా, జుట్టు సగం నెరిసి, గట్టి మనిషిలా ఉన్నారు. నాయుడు గుమ్మంలోనే చేతులు రెండూ పైకెత్తి చూపించి, "భయపడకండి మేడమ్ గారూ. మేం మీ ప్రాణం తియ్యడానికి రాలేదు. తియ్యొద్దని మాకు గట్టిగా చెప్పారు. కొడవలి కూడా ఇంట్లోనే పెట్టి వచ్చాను" అన్నాడు.

ఆవిడ అప్పటిదాకా భయపడలేదు. అప్పుడు భయపడ్డారు. ఆవిడ లేచేలోపే పారమ్మ చెంగులోంచి గరాటు తీసింది. అది వాళ్ళింట్లో నూనె పోసుకునే గరాటు. శుభ్రంగా తోమి మరీ తెచ్చింది. గబగబా వెళ్ళి గరాటు కొస ఆవిడ చెవి దగ్గర పెట్టి, "మా పిల్లకి మీ కాలేజీ అంటేనే ఇష్టం" అని మాట అందులో వేసి, ఒలికిపోకుండా అరచేత్తో మూసింది.

"ఏమిటమ్మా ఇది? నోటితో చెప్పొచ్చు కదా" అన్నారు ప్రిన్సిపాల్ గారు చెవి తుడుచుకుంటూ.

"నోటితోనే చెప్పానండి. చెవిన వేశాను" అంది పారమ్మ. "అటుపక్కకి తల వంచకండి. జారిపోగలదు."

ఆవిడకి కోపం రావాలో నవ్వు రావాలో తేలక, "విన్నాను. రెండో విడతలో మీ అమ్మాయి సంగతి తప్పకుండా చూస్తాను. అందాకా మీరెవరూ నాకు కనిపించకండి" అన్నారు.

"చిత్తం. కనిపించం" అని ముగ్గురూ వెనక్కి వెనక్కి నడుస్తూ బయటికొచ్చేశారు.

వీళ్ళిక్కడ ఇలా ఉంటే, అక్కడ కూర్మయ్య పొద్దున్నే తలుపులు తట్టడానికి బయల్దేరాడు. మొదటి తలుపు తట్టాడు. ఇంటావిడ వచ్చి "ఏం కావాలి?" అంది. "ఏం వద్దు. తట్టమన్నారు" అని ముందుకెళ్ళాడు. రెండో ఇంట్లో అప్పుడే నిద్రపుచ్చిన పసివాడు లేచి కూర్చున్నాడు. మూడో ఇంటి తలుపు తీసే ఉంది. తీసిన తలుపు తడితే లెక్కలోకి రాదని, వాళ్ళ చేత మూయించి మరీ తట్టాడు. నాలుగోది ముత్యాలు ఇల్లు. ఆ తలుపుకి బందులు ఊడి ఎన్నాళ్ళయిందో, కూర్మయ్య తట్టగానే ధబ్బున లోపలికి పడింది.

ముత్యాలుకి ఒళ్ళు మండింది. "వడ్రంగి వచ్చేదాకా నువ్వే తలుపులా నిలబడు" అన్నాడు. అంతే. కూర్మయ్య గుమ్మానికి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాడు. ముత్యాలు పెళ్ళాం నీళ్ళబిందెతో వచ్చి, "తప్పుకో మరిదీ" అంది. కూర్మయ్య ఉలకలేదు, పలకలేదు. తలుపు మాట్లాడదు కదా. చివరికి ఆవిడ విసిగిపోయి అతని పొట్ట మీద రెండు తట్లు తట్టింది. అప్పుడు కిర్రుమని నోటితో చప్పుడు చేసి, పక్కకి తిరిగి దారిచ్చాడు.

వడ్రంగి ఆ రోజు రాలేదు. పట్నం నుంచి తిరిగొచ్చిన చామంతి చిన్నాన్నకి అన్నం పట్టుకెళ్ళింది. వెళ్ళేసరికి ముత్యాలు పెరట్లో జనం మూగి ఉన్నారు. అతని చూడిగేదె పొద్దుట్నుంచీ ఈనలేక గిలగిల్లాడుతోంది. డాక్టరుకి కబురంపారు గానీ ఆయన వేరే ఊళ్ళో ఉన్నాడట. ముత్యాలు దాని మెడ మీద చెయ్యేసి, చంటిపిల్లాడిలా కళ్ళనీళ్ళు పెట్టుకుంటున్నాడు.

"ఏమైంది బాబాయ్?" అని అడిగింది చామంతి.

"ఇంకేముందమ్మా. దూడ అడ్డం తిరిగింది. అంతా అయిపోయినట్టే" అన్నాడు ముత్యాలు. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా "అడ్డం తిరిగింది, ఇక దేవుడే దిక్కు" అని నిట్టూర్చారు.

చామంతి కాస్త ఆలోచించింది. "అడ్డం తిరిగితే నిలువుగా తిప్పాలి కదా" అంది.

చుట్టూ ఉన్నవాళ్ళకి అడ్డం తిరగడమంటే ఆశ వదులుకునే మాటలా వినిపించింది గానీ, చెయ్యాల్సిన పనిలా వినిపించలేదు. చామంతి చేతులు మోచేతుల పైదాకా కడుక్కుని, ఆముదం రాసుకుని గేదె వెనక కూర్చుంది. కళ్ళు మూసుకుని చెయ్యి లోపలికి పోనిచ్చింది. మడతపడిన కాలు తగిలింది. గేదె ముక్కినప్పుడు ఆగింది, ఊరుకున్నప్పుడు నెట్టింది. "కొంచెం అటు జరుగు తల్లీ, నువ్వు పక్కకున్నావు. పక్కనుంటే ఎవరూ తియ్యరు" అని లోపలి దూడతో మాట్లాడింది. నుదుటి మీంచి చెమట కారి కళ్ళల్లో పడుతున్నా చెయ్యి తియ్యలేదు. చాలాసేపటికి కాలు సర్దుకుంది, తల దారికొచ్చింది. దూడ జారి గడ్డిలో పడి, తుమ్మింది.

గుమ్మంలో తలుపుగా ఉన్న కూర్మయ్య కూడా ఒకసారి తెరుచుకుని చూసొచ్చాడు.

ముత్యాలు చామంతి రెండు చేతులూ పట్టుకుని, "ఏం కావాలో అడుగమ్మా" అన్నాడు. "గేదెనీ దూడనీ ఒకసారి ఇస్తే కాలేజీలో చూపించి తెస్తాను. కొత్తగా ఏదైనా సాధిస్తే చూపించమన్నారు" అంది. అతను బండి కూడా కట్టించాడు.

దూడ కాళ్ళు గట్టిపడ్డాక బయల్దేరదామనుకున్నారు. ఈలోగా వడ్రంగి వచ్చి, తలుపు బిగించి కూర్మయ్యని విడిపించాడు. అప్పుడొచ్చింది చిక్కు. చూపించమని మేష్టారన్నారు, కనిపించొద్దని ప్రిన్సిపాల్ గారన్నారు. ఇద్దరూ పెద్దలే. నాయుడు పందిరిరాట పట్టుకుని ఆలోచించి, "సూక్ష్మం దొరికింది. గేదె కనిపిస్తుంది, మనం కనిపించం" అన్నాడు.

కాలేజీ వాళ్ళు ఆ పూట చూసినది ఇదీ. ముందు బండి. బండిలో దూడ. వెనక గేదె. గేదె వెనక ఎనిమిది కాళ్ళున్న పెద్ద ఈతచాప ఒకటి నడిచి వస్తోంది.

ప్రిన్సిపాల్ గారు వరండాలోకి వచ్చి, "ఆ చాపకింద ఎవరు?" అని అడిగారు.

"ఎవరూ లేరండి" అంది చాప. "మేం కనిపించడం లేదు."

ఆవిడకి గొంతు గుర్తొచ్చింది. చెవి మీద చెయ్యేసుకుని, "ఫరవాలేదు, కనిపించండి" అన్నారు. చాప పడింది. నలుగురూ చెమటలు కక్కుతూ నిలబడ్డారు.

చామంతి జరిగినదంతా చెప్పింది. ఆవిడ దూడ కాళ్ళు ఒక్కొక్కటీ వంచి చూశారు, గేదెని చుట్టూ తిరిగి చూశారు. "లోపల మడతపడిన కాలు నీకెలా తెలిసింది?" అని అడిగారు.

"కళ్ళు మూసుకున్నానండి. అక్కడ చూడటానికి కళ్ళు పనికిరావు" అంది చామంతి.

"భయం వెయ్యలేదా?"

"వేసిందండి. ఆ గేదెక్కూడా వేసింది. ఇద్దరం భయపడితే దాన్నెవరు చూస్తారని, నేను తర్వాత భయపడదామనుకున్నాను. ఇంటికెళ్ళి భయపడ్డాను."

ప్రిన్సిపాల్ గారు నవ్వలేదు. ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి, కాసేపు అలాగే ఉంచారు. రెండో విడతలో మొదటి పేరు చామంతిదే వచ్చింది. "సామాను సర్దుకోండి. సోమవారం పిల్లని హాస్టల్లో దిగబెట్టి వెళ్ళండి" అని కబురంపారు.

సోమవారం నలుగురూ పరుపుచుట్టతో వచ్చారు. చామంతి గది హాస్టల్ కింది అంతస్తులోనే ఉంది. నాయుడు దాన్ని చూసి దిగాలుపడ్డాడు. "దిగబెట్టమన్నారు. గదేమో కిందే ఉంది. ఇంకెక్కడికి దిగబెడతాం?"

"ఎక్కనిది ఎలా దిగుతుందన్నయ్యా? ముందు ఎక్కించాలి" అన్నాడు కూర్మయ్య.

అంతే. మెట్లమీదుగా చామంతిని మేడ మీదికి తీసుకెళ్ళారు. పరుపుకి కట్టిన తాడు విప్పి నడుముకి కట్టారు. అన్నదమ్ములిద్దరూ పిట్టగోడకి కాళ్ళు తన్నిపెట్టి మెల్లగా దింపసాగారు. పై అంతస్తు కిటికీలో తల దువ్వుకుంటున్న అమ్మాయి ఉలిక్కిపడి, "ఎవరు నువ్వు?" అంది.

"కొత్తగా చేరానండి. ఇంకా దిగుతున్నాను" అంది చామంతి.

కింద వార్డెన్ గారు చూసి, తల పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. "ఏమిటయ్యా ఈ పని? చాలు. ఆ పిల్లని వదిలేసి వెళ్ళండి" అని కేక వేశారు.

ఇంకేముంది. వదిలేశారు.

కాలేజీ ఆవుల కోసం అప్పుడే దింపిన పచ్చగడ్డి కుప్ప గోడవారగా ఉండబట్టి సరిపోయింది. చామంతి నడుందాకా అందులో కూరుకుపోయి, జడ నిండా గడ్డిపరకలతో లేచి, "దిగానమ్మా" అంది. పారమ్మ కళ్ళొత్తుకుంది.

గొడవ విని ప్రిన్సిపాల్ గారు వచ్చారు. పిల్లకి దెబ్బలేమీ తగల్లేదని ముందుగా చూసుకున్నారు. తర్వాత మిగిలిన ముగ్గురివైపూ తిరిగారు. ఎంతైనా చదువుకున్న మనిషి, గౌరవం తప్పి మాట్లాడలేరు. రెండు చేతులూ జోడించి, "ఇక తమరు దయచేయండి" అన్నారు.

అంత పెద్దావిడ అంత మర్యాదగా పిలిస్తే కాదనడం బాగుండదని, ముగ్గురూ చెప్పులు బయట విడిచి చామంతి గదిలోకి దయచేశారు. ఉన్న ఒక్క మంచం మీదా వరసగా కూర్చుని, భోజనాలు ఎన్నింటికని అడిగారు.