ధూపం ఆర్పిన ఎలుగవ్వ

అనగనగా, మబ్బులు కొండ దిగి వచ్చి వాగులో నీళ్ళు తాగి పోయే అడవి ఒకటి ఉండేది. అక్కడ పొద్దెక్కేదాకా మంచు లేవదు. ఆ మంచులో చెట్లు సగం సగమే కనబడతాయి. ఇప్పపూలు ఎక్కడ రాలుతున్నాయో తెలియదు, రాలిన చప్పుడు మాత్రం వినబడుతుంది. అక్కడివాళ్ళు నిద్ర లేచాక కూడా ఇంకా కల కంటున్నట్టే మెల్లగా నడిచేవారు.

ఆ అడవికంతటికీ వైద్యురాలు ఎలుగవ్వ. ముసలి ఎలుగుబంటి అన్నమాట. ఆవిడ గుహలో ఒక నిప్పులకుండ ఉండేది. అందులో వేపాకూ సాంబ్రాణీ వేసి ధూపం పెట్టేది. జ్వరమొచ్చినా ధూపమే, కాలు బెణికినా ధూపమే. ముందు ఆ పొగలో కూర్చోవాలి, తర్వాతే మందు. ఆ నిప్పు అవ్వ వాళ్ళ అమ్మమ్మ రాజేసిందట. మూడు తరాలుగా ఒక్కరోజూ ఆరలేదు.

"పొగ పట్టనిదే పసరు పట్టదు" అనేది అవ్వ. ఎవరైనా కాదంటే ఒప్పుకునేది కాదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకం. అందుకే పక్క పొదలో కుందేలు అప్పుడప్పుడూ తన కాళ్ళు లెక్కపెట్టుకునేది, పాపం!

ఒక పొద్దున మంచులోంచి ఓ తల్లీ బిడ్డా వచ్చారు. ముళ్ళపందులు. తల్లి పేరు ముత్యాలు, బిడ్డ పేరు గురివింద. మూడు కొండల అవతల ఉన్న వాళ్ళ అడవి మొత్తం కాలిపోయింది. ఎటు పోవాలో తెలియక నడిచి నడిచి ఇక్కడికి చేరారు. గురివింద అరికాల్లో కాలిన పుల్ల ఒకటి గుచ్చుకుని లోపలే విరిగిపోయింది. పాదం బూరెలా ఉబ్బింది.

అవ్వ వంగి ఆ కాలు చూసింది. వాపు మోకాలు దాటిందంటే ఇక ఏ పసరూ పనిచేయదు. పిల్ల దక్కదు. ఆ సంగతి అవ్వకు బాగా తెలుసు.

"లోపలికి రా తల్లీ, భయం లేదు" అని పిలిచింది.

ముత్యాలు గుహ వాకిట్లోకి వచ్చింది. లోపల్నుంచి గుప్పున పొగ కొట్టింది. అంతే! తల్లీ బిడ్డల ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి. ముత్యాలు బిడ్డను తోసుకుంటూ మంచులో పడి మాయమైపోయింది.

అవ్వ దగ్గర నిప్పు చూసుకునేవాడు సన్నాసి అనే కొండముచ్చు. ఆ పొగకే వాడి మొహం నల్లబడిందని అడవిలో అందరూ ఏడిపించేవారు. వాడు మూతి ముడుచుకుని అన్నాడు: "చూశావా అవ్వా, ఎంత పొగరో! మనం మందిస్తామంటే అది మనకు ముళ్ళు చూపిస్తోంది."

అవ్వ మనసూ నొచ్చుకుంది. "పోనీలే. నొప్పెక్కువైతే వాళ్ళే వస్తారు" అంది.

వాళ్ళు రాలేదు. రెండోరోజు అవ్వకు కాలు నిలవలేదు. "వాళ్ళు ధూపం దగ్గరికి రాకపోతే, ధూపమే వాళ్ళ దగ్గరికి పోతుంది" అని కుండ ఎత్తుకుని సన్నాసితో బయల్దేరింది. ముత్యాలు ఒక బండ కింద బిడ్డను పొదువుకుని కూర్చుని ఉంది. వాపు అప్పటికే పిక్క దాకా పాకింది.

"ముల్లును ముల్లుతోనే తీయాలి అవ్వా! నేను పట్టుకుంటా, నువ్వు పొగ పెట్టు" అంటూ సన్నాసి పిల్ల చెయ్యి పట్టి లాగాడు. ముత్యాలు గిర్రున వెనక్కి తిరిగింది. సన్నాసి వెనకభాగంలో పది ముళ్ళు దిగాయి. కొరివితో తల గోక్కోవడమంటే అదే మరి. వాడు లబోదిబోమంటూ చెట్టెక్కాడు.

కానీ అవ్వ చెవిలో పడింది సన్నాసి అరుపు కాదు. గురివింద అరుపు.

"అమ్మా! మంట వచ్చేసింది! మంట మన వెనకే వచ్చేసింది!"

అవ్వ చేతుల్లో కుండ బరువెక్కిపోయింది. ఆవిడ వెనక్కి తిరిగి గుహకు వెళ్ళిపోయింది.

ఆ రోజంతా అవ్వ కుండ ముందే కూర్చుంది. పొగ మెలికలు తిరుగుతూ మంచులో కలిసిపోతోంది. ఏది పొగో ఏది మంచో తెలియకుండా పోయింది. చూస్తూ చూస్తూ ఉండగా అవ్వ కళ్ళు మూతలు పడ్డాయి. ఆ మగతలో ఆమెకు చెట్లు పరుగెత్తుతున్నట్టు కనిపించాయి. పిట్టలు ఆకాశంలో గూళ్ళు వెతుక్కుంటున్నాయి. ఒక చిన్న ముళ్ళపంది పిల్ల ఎటు తిరిగినా ఎదురుగా పొగే.

అవ్వ ఉలిక్కిపడి లేచింది. 'ఈ పొగ నాకు మా అమ్మమ్మ ఒడి వాసన. ఆ పిల్లకు మాత్రం కాలిన ఇంటి వాసన. అది పొగరు కాదే, భయం! ఇంత వయసొచ్చి నాకు ఆపాటి తెలియలేదే!' అనుకుని సిగ్గుపడింది.

వెంటనే వాగుకు పోయి దొప్పనిండా నీళ్ళు తెచ్చింది. కుండలో కుమ్మరించింది. నిప్పు బుస్సుమని ఆరిపోయింది.

సన్నాసి గుండె బాదుకున్నాడు. "అవ్వా! మూడు తరాల నిప్పు! ఏం పని చేశావే!"

"నిప్పు మళ్ళీ రాజేసుకోవచ్చురా సన్నాసీ. పిల్ల పోతే మళ్ళీ వస్తుందా?"

మూడోరోజు అవ్వ వాగులో దిగింది. బొచ్చుకు పట్టిన పొగ వాసన పోయేదాకా మునకలు వేసింది. తర్వాత ముత్యాలు ఉన్న బండకు కాస్త దూరంలో, నాలుగు వైపులా దారి కనబడే చోట చతికిలబడింది. చేతిలో ఏమీ లేదు. మంచు మెల్లగా కదులుతోంది. అలా చాలాసేపు ఊరికే కూర్చుంది.

చివరికి అడిగింది: "నిన్న తప్పు చేశాను తల్లీ. మీ అడవిలో ఎవరికైనా దెబ్బ తగిలితే ఏం చేసేవారు?"

ఈ కొత్త అడవిలో ముత్యాలును అలా అడిగినవాళ్ళు లేరు. ఆమె ముళ్ళు కాస్త వాలాయి. "మా దగ్గర వైద్యం చేసేవాళ్ళు ముందు తమ గాయం చూపిస్తారు అవ్వా. వాళ్ళకూ నొప్పి తెలుసని మేం నమ్మాలి కదా. ఆ తర్వాతే మా గాయం ముట్టుకుంటారు" అంది.

అవ్వ కాసేపు తటపటాయించింది. తర్వాత ఎడమ చెయ్యి చాపి బొచ్చు పక్కకు తీసింది. లోపల తాడు కోసినట్టు గుండ్రటి మచ్చ.

"చిన్నప్పుడు వేటగాడి ఉచ్చులో పడ్డాను. రెండు రోజులు అలాగే ఉన్నాను."

గురివింద కుంటుకుంటూ వచ్చి మచ్చను తడిమింది. "ఏడ్చావా?"

"బోలెడంత ఏడ్చాను. వైద్యురాలిని కదా, సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు. మొదట నీకే చెప్పాను."

గురివింద తనంతట తానే కాలు చాపింది. వాపు మోకాలి అంచుకు వచ్చి ఉంది. అయినా అవ్వ తొందరపడలేదు. "అమ్మ ఒళ్ళోనే కూర్చో. ఏం చేసేదీ ముందే చెప్తాను. ఆపమంటే ఆపేస్తాను" అంది.

గురివింద ఒకసారి ఆపమంది. అవ్వ ఆపింది. మళ్ళీ ఆపమంది. మళ్ళీ ఆపింది. మూడోసారి ఆ పిల్లే పళ్ళు బిగించి, "ఇప్పుడు తియ్యి అవ్వా" అంది. నల్లటి పుల్ల బయటికి వచ్చింది. చీము మొత్తం పోయాక అవ్వ పసరు పిండి, పసుపు అద్ది కట్టు కట్టింది. పొగ లేకపోయినా పసరు చక్కగా పట్టింది. నాలుగు రోజుల్లో వాపు దిగిపోయింది. గురివింద ఇప్పపూల మీద గెంతడం మొదలుపెట్టింది.

ఆ మర్నాడు ముత్యాలు ఒంటరిగా అవ్వ దగ్గరికి వచ్చింది.

"పిల్లకు తగ్గింది కదమ్మా, ఇంకేమైంది?" అని అడిగింది అవ్వ.

ముత్యాలు ముంగాలితో నేల గీరింది. "నాకూ ఒక గాయం ఉంది అవ్వా. పైకి కనబడదు. గురివిందకు ఒక అన్న ఉండేవాడు..."

సన్నాసి పరుగున పసరు దొప్ప పట్టుకొచ్చాడు. అవ్వ వద్దని తల ఊపింది. పక్కకు జరిగి ముత్యాలుకు చోటిచ్చింది. ముత్యాలు ఆ పిల్లాడి గురించి చెప్పింది. వాడి అల్లరి చెప్పింది, వాడికిష్టమైన దుంపల గురించి చెప్పింది, పొగలో వాడి చెయ్యి జారిపోవడం చెప్పింది. చెబుతూ ఏడ్చింది. అవ్వ మధ్యలో ఒక్క మాటా అనలేదు, ఊరుకోమని కూడా అనలేదు. చెప్పడం అయిపోయాక ముత్యాలు అక్కడే, అవ్వ పక్కనే ఒరిగి నిద్రపోయింది. అడవి కాలిన తర్వాత ఆమె కంటినిండా నిద్రపోవడం అదే మొదటిసారి.

నీతి: బెదిరి మన చెంతకు వచ్చినవారికి మేలు చేయాలంటే, మన పద్ధతి పక్కనపెట్టి, వాళ్ళ భయమేమిటో వాళ్ళనే అడగాలి, చెప్పేదాకా ఓపిక పట్టాలి.